సర్వరు లేని గదిలో సర్వరు సేవలు

నేడు "సర్వరు డౌన్" అను మాట విననివారు అరుదు. బ్యాంకుకు పోయినను, మీ-సేవా కేంద్రమునకు పోయినను, స్కాలర్‌షిప్పు దరఖాస్తు నింపుటకు కూర్చున్నను, పని జరుగనప్పుడు బల్లకు ఆవలివైపు నుండి వచ్చు సమాధానమిదియే. సర్వరు అనునది ఒక్కటే యనియు, అది ఎక్కడనో దూరముగా ఉన్నదనియు, అది ఆగిపోవుట వాన పడుట వంటిదనియు చెప్పువారును వినువారును భావింతురు. వాస్తవమునకు సర్వరు అనునది యంత్రము పేరు కంటె ముందు ఒక పని పేరు. అడిగినది ఇచ్చునది సర్వరు, అడుగునది క్లయింటు. ఒకే యంత్రము పది పనులు చేయవచ్చును. ఒకే పనిని పది యంత్రములు పంచుకొనవచ్చును. కావున "సర్వరు పనిచేయుట లేదు" అనుట "బజారు పనిచేయుట లేదు" అనుట వంటిది. ఏ దుకాణము మూసియున్నది, తాళము వేసినారా, లేక దారియే మూసినారా అని విచారింపగలవాడే నెట్‌వర్కు విద్య నేర్చినవాడు.

మా విభాగము నుండి పట్టము పుచ్చుకొని వెళ్ళు విద్యార్థులలో పలువురికి తొలి ఉద్యోగము ఇట్టి ఫిర్యాదులు వచ్చి చేరు బల్ల వద్దనే లభించును. అచ్చటి ఇంటర్వ్యూలలో తరచుగా అడుగబడు ప్రశ్నలు కొన్ని కలవు. బ్రౌజరులో ఒక పేరు టైపు చేసి ఎంటరు నొక్కిన క్షణము నుండి పుట తెరమీద కనబడు వరకు ఏమి జరుగును? కంప్యూటరుకు చిరునామా ఎవరిత్తురు? ఇంటర్నెట్టు ఉన్నది గాని ఒక సైటు తెరచుకొనుట లేదు. మొదట దేనిని పరీక్షింతువు? కంఠస్థము చేసిన జవాబులు మొదటి రెండింటికి చాలును గాని మూడవదాని వద్ద నిలిచిపోవును. స్వహస్తముతో ఒకసారి కట్టి, ఒకసారి చెడగొట్టి, మరల సరిచేసినవాడు అచ్చట తడబడడు. అందులకు చోటు కల్పించునదే అనుకరణ ప్రయోగశాల.

కళాశాల సంఘమువారు సహజముగా అడుగు ప్రశ్న యొకటి కలదు. లేని స్విచ్చిని, లేని రౌటరును తెరమీద బొమ్మలుగా కలుపుకొనుట ఆట గాక విద్య ఎట్లగును? దీనికి ఖర్చు తగ్గుటయే సమాధానమని మేము చెప్పము. ఖర్చు సంగతి నిజమే. కాని అంతకంటె బలమైన కారణము వేరొకటి. కళాశాలలో నిత్యము నడచుచున్న నెట్‌వర్కుపై విద్యార్థి అభ్యాసము చేయుట ప్రమాదకరము. ఇంట వాడు చిన్న వైఫై పెట్టెను తెచ్చి, దాని లాన్ పోర్టును కార్యాలయపు స్విచ్చికి తగిలించినచో చాలును. అట్టి పెట్టెలలో చిరునామాలు పంచు సేవ సాధారణముగా ముందే ఆన్ అయి యుండును. చిరునామా కొరకు ఎవరు కేక వేసినను అసలు సర్వరు కంటె ముందు అదియే పలుకవచ్చును. అది ఇచ్చిన చిరునామాను పట్టుకొన్న కంప్యూటరు తప్పుదారిన పోవును. ఫీజులు కట్టు గడువు దినమున ఇట్లు జరిగినచో కార్యాలయము స్తంభించును. కారణము వెదకువారికి మాత్రము కేబులు సరిగనే ఉన్నట్లు, దీపములు వెలుగుచున్నట్లు కనబడును. (పెద్ద సంస్థలలో స్విచ్చిలయందే డి.హెచ్.సి.పి. స్నూపింగ్ అను కాపలా ఏర్పరచి దీనిని అరికట్టుదురు.) అనుకరణ ప్రయోగశాలలో ఇదే తప్పును కోరి చేయవచ్చును, చూడవచ్చును, ఫైలు మూసివేయవచ్చును. ఎవ్వరి పనియు ఆగదు.

ఇందుకు మేము వాడునది సిస్కో సంస్థవారి ప్యాకెట్ ట్రేసర్. ఆ సంస్థ నడుపు నెట్‌వర్కింగ్ అకాడమీలో పేరు నమోదు చేసికొన్నవారికి ఇది ఉచితముగా లభించును. సాధారణమైన కంప్యూటరుపై నడచును. తెరకు అడుగున స్విచ్చిలు, రౌటర్లు, సర్వర్లు, కంప్యూటర్లు, కేబుళ్ళు అమర్చియుండును. కావలసిన వాటిని లాగి తెరపై ఉంచి, కేబులుతో కలుపవలెను. సర్వరు బొమ్మపై నొక్కి సర్వీసెస్ అను పుట తెరచినచో ఒక వరుస కనబడును: హెచ్.టి.టి.పి., డి.హెచ్.సి.పి., డి.ఎన్.ఎస్., ఈమెయిల్, ఎఫ్.టి.పి. మొదలగునవి. ఒక్కొక్కటి ఒక్కొక్క సేవ. ఒక్కొక్కదానికి ఆన్, ఆఫ్ అను గుర్తులు. ఈ వరుసను తొలిసారి చూచిన విద్యార్థి అన్నిటిని ఒకేమారు ఆన్ చేయబోవును. అట్లు చేయరాదు. ఈ సేవలు ఒకదానిపై ఒకటి ఆనుకొని నిలుచును. ఏది దేనిపై ఆనుకొన్నదో గ్రహించుటయే ఈ పాఠములోని అసలు విషయము, మిగిలినది మౌసుపని.

మేము కట్టు నెట్‌వర్కు ఇట్లుండును. రెండు గదులు: ఒకటి కార్యాలయము, రెండవది గ్రంథాలయము. ఒక్కొక్క గదికి ఒక 2960 స్విచ్చి. రెండింటి నడుమ ఒక 2911 రౌటరు. కార్యాలయపు స్విచ్చికి మూడు సర్వర్లు, మూడు కంప్యూటర్లు. గ్రంథాలయపు స్విచ్చికి కంప్యూటర్లు మాత్రమే. కార్యాలయపు నెట్‌వర్కు 192.168.10.0, గ్రంథాలయపుది 192.168.20.0, రెండింటికిని మాస్కు 255.255.255.0. 192.168 తో మొదలగు చిరునామాలను ఎవరైనను తమ ఇంటిలోనో సంస్థలోనో వాడుకొనవచ్చునని 1996 నాటి ఆర్.ఎఫ్.సి. 1918 చెప్పుచున్నది. బయటి ఇంటర్నెట్టులో అవి చెల్లవు. ఆర్.ఎఫ్.సి. అనునది ఇంటర్నెట్టు నియమములను ప్రకటించు పత్రముల వరుస; 1969 నుండి వెలువడుచున్నది, ఎవరైనను ఉచితముగా చదువవచ్చును.

కేబులు కలిపిన వెంటనే స్విచ్చివైపు గుర్తు నారింజరంగులో నిలిచిపోవును. క్రొత్తవారు కేబులు చెడినదని తలచి తీసి మరల పెట్టుదురు. పెట్టిన ప్రతిసారియు మరల నారింజయే. చెడినది కేబులు కాదు. తన దారులలో ఎక్కడనైన చక్రము ఏర్పడినదా అని స్విచ్చి స్పానింగ్ ట్రీ పద్ధతిచే చూచుకొనుచున్నది: 15 సెకనులు వినుటకు, 15 సెకనులు నేర్చుటకు. అర నిమిషము ఓపిక పట్టినచో పచ్చబడును. రౌటరు ద్వారములు మాత్రము ఓపిక పట్టినంత మాత్రమున పచ్చబడవు. అవి మొదటినుండియు మూసియుండును. చిరునామా ఇచ్చిన పిమ్మట నో షట్‌డౌన్ అను ఆజ్ఞతో తెరువవలెను.

సేవలు తెరచుటకు ముందు సర్వర్లకు స్థిరమైన చిరునామాలు ఇయ్యవలెను. దినమునకొక వీధిలో తెరచు దుకాణమునకు గిరాకీలు చేరలేరు గదా. రౌటరు కార్యాలయపు ద్వారమునకు 192.168.10.1, చిరునామాలు, పేర్లు చూచు మొదటి సర్వరుకు 10.2, వెబ్ సర్వరుకు 10.3, తపాలా సర్వరుకు 10.4 అని మేము చేతితో వ్రాయుదుము. ప్రతి సర్వరులోను డిఫాల్టు గేట్‌వే అను గడిలో రౌటరు చిరునామాను వ్రాయవలెను. ఈ గడిని విద్యార్థులు తరచుగా ఖాళీ విడుతురు, ఏలననగా అది లేకున్నను ఒకే గదిలో పని జరుగును. హైదరాబాదు పాతనగరపు ప్రాకారమునకు ఒకప్పుడు పలు దర్వాజాలుండెడివి. నేడు పురానాపూల్ దర్వాజా, దబీర్‌పురా దర్వాజా మిగిలినవి. గోడలోపలనే ఇంటినుండి ఇంటికి పోవువానికి దర్వాజాతో పనిలేదు. గోడ దాటువాడు మాత్రము దర్వాజా ఎచ్చట నున్నదో ఎరిగి యుండవలెను. గేట్‌వే అనునది ఆ దర్వాజా. గోడ ఎంతవరకు సాగినదో చెప్పునది మాస్కు.

ఇక మొదటి సేవ డి.హెచ్.సి.పి., అనగా చిరునామాలు పంచునది. ఇది 1993లో తొలిసారి ప్రకటింపబడి, 1997 నాటి ఆర్.ఎఫ్.సి. 2131 లో స్థిరరూపము పొందినది. క్రొత్తగా మేల్కొన్న కంప్యూటరుకు తన చిరునామా తెలియదు, సర్వరు చిరునామాయు తెలియదు. కావున గదిలోని వారందరును వినునట్లు కేక వేయును: "చిరునామా ఇచ్చువారెవరైన కలరా?" ఇది డిస్కవర్. "192.168.10.51 ఖాళీగా నున్నది, తీసికొనుము" అని సర్వరు పలుకును, ఇది ఆఫర్. "అదియే నాకు కావలెను" అని కంప్యూటరు మరల అందరును వినునట్లే చెప్పును, ఇది రిక్వెస్టు. ఇద్దరు సర్వర్లు పలికియుండవచ్చును గనుక, తన మాట తీసికొనబడలేదని రెండవ సర్వరునకు తెలియుటకే ఈ రెండవ కేక. "నీ పేర వ్రాసికొంటిని" అని సర్వరు ధ్రువపరచుట అక్‌నాలెడ్జిమెంటు. ఈ సంభాషణలో సర్వరు 67వ పోర్టునందును, క్లయింటు 68వ పోర్టునందును ఉండును. ఇచ్చిన చిరునామా దానము కాదు, అద్దె. గడువు తీరకముందే దానిని పొడిగించుకొనవలెను.

సర్వరులో ఈ సేవను తెరచినచో సర్వర్‌పూల్ అను పేరుతో ఒక పద్దు ముందే ఉండును; దానిని తొలగించుటకు వీలులేదు, మార్చుకొనవచ్చును. గేట్‌వే గడిలో 192.168.10.1, డి.ఎన్.ఎస్. గడిలో 192.168.10.2, ప్రారంభ చిరునామాగా 192.168.10.51, గరిష్ఠ సంఖ్యగా 100 వ్రాసి సేవ్ నొక్కవలెను. 51 నుండి ఎందుకనగా, అంతకు ముందువి సర్వర్లకును ప్రింటర్లకును విడిచితిమి. పంచు చిరునామాలును చేతితో వ్రాసినవియు ఒకదానితో ఒకటి తగులుకొనరాదు. పిమ్మట ఏదైన కంప్యూటరులో ఐ.పి. కాన్ఫిగరేషన్ తెరచి డి.హెచ్.సి.పి. అను గుర్తు నొక్కినచో గడులన్నియు వాటంతట అవే నిండును. నిండక, 169.254 తో మొదలగు చిరునామా కనబడినచో దాని అర్థము ఒక్కటే: ఎవ్వరును పలుకలేదు, కంప్యూటరు తనకు తానే ఒక పేరు పెట్టుకొన్నది. ఇది అనుకరణలోనే గాదు, నిజమైన విండోస్ కంప్యూటరులోను ఇట్లే కనబడును. ఈ ఒక్క అంకెను గుర్తించువాడు సగము విచారణ పూర్తిచేసినట్లే.

ఇచ్చట ఒక సూక్ష్మము. డి.ఎన్.ఎస్. గడిని ఖాళీగా విడిచినను చిరునామా వచ్చును, పింగ్ చేరును, అంతయు సరిగనే ఉన్నట్లు తోచును. పేరుతో పిలిచినప్పుడు మాత్రమే లోపము బయటపడును. కారణము చిరునామాలు పంచు సేవలో నున్నది. లక్షణము పేర్ల సేవలో కనబడును. నెట్‌వర్కు దోషములలో పెక్కు ఇట్టివే.

రెండవ సేవ ఆ పేర్ల సేవయే, డి.ఎన్.ఎస్. మొహల్లాలో ఒక ఇంటికి పోవలసినప్పుడు మనము మునిసిపాలిటీవారి ఇంటినెంబరు అడుగము. హకీముగారి ఇల్లు, మాస్టరుగారి ఇల్లు అని అడుగుదుము. నెట్‌వర్కు మాత్రము అంకెలతోనే నడచును. తొలినాళ్ళ ఆర్పానెట్టులో పేర్లు, అంకెలు కలిపి వ్రాసిన ఒకే ఒక ఫైలు ఉండెడిది. దానిని కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో ఎలిజబెత్ ఫైన్లర్ నాయకత్వమున నడచిన సమాచార కేంద్రము నిర్వహించుచుండెను. ప్రతి యంత్రమువారును దాని ప్రతిని తెచ్చుకొనవలసి యుండెను. యంత్రములు పెరిగినకొలది ఒక్క ఫైలు, ఒక్క కార్యాలయము ఆ బరువును మోయజాలకపోయినవి. 1983లో పాల్ మొకపెట్రిస్ క్రొత్త పద్ధతిని రూపొందించెను: ఎవరి పేర్ల పద్దు వారే ఉంచుకొందురు, ఎవరి పద్దు ఎచ్చట నున్నదో పైవారు చెప్పుదురు. 1987 నాటి ఆర్.ఎఫ్.సి. 1034, 1035 లలో దాని స్థిరరూపము కలదు. నేటికిని పేర్లు ఆ పునాదిపైననే నడచుచున్నవి.

రెండు భాషల మన కళాశాలకు ఆసక్తి కలిగించు విషయ మొకటి చెప్పి ముందుకు పోదుము. 2011లో తెలుగు లిపిలో '.భారత్' అనియు, ఉర్దూ లిపిలో అదే మాటయు ఇంటర్నెట్టు మూలపట్టికలో అగ్రస్థాయి పేర్లుగా చేర్చబడినవి. అయినను ఆ పట్టిక లోపల తెలుగక్షరము గాని ఉర్దూ అక్షరము గాని లేదు. 2003లో ప్రకటింపబడిన ప్యూనీకోడ్ అను పద్ధతిచే ప్రతి పేరును ఆంగ్లాక్షరములలోనికి, అంకెలలోనికి మార్చి, ముందు ఎక్స్, ఎన్ అను రెండక్షరములును రెండు అడ్డగీతలును తగిలింతురు. కుడినుండి ఎడమకు వ్రాయు ఉర్దూ పేరును, ఎడమనుండి కుడికి వ్రాయు తెలుగు పేరును దారిలో ఒకే వేషమున ప్రయాణము చేసి, చదువరి తెరమీద మాత్రము తమ తమ లిపులను ధరించును.

మా ప్రయోగశాలలో కాలేజ్.టెస్ట్ అను పేరును ఆంగ్లాక్షరములలో వాడుదుము. టెస్ట్ అను తోకను 1999 నాటి ఆర్.ఎఫ్.సి. 2606 పరీక్షల కొరకే ప్రత్యేకించినది. నిజమైన సంస్థ పేరేదియు దానితో ముగియదు. మొదటి సర్వరులో డి.ఎన్.ఎస్. ఆన్ చేసి, డబ్ల్యు.డబ్ల్యు.డబ్ల్యు.కాలేజ్.టెస్ట్ అను పేరునకు 192.168.10.3, మెయిల్.కాలేజ్.టెస్ట్ అను పేరునకు 192.168.10.4 అని 'ఎ' రకపు పద్దులు రెండు చేర్చవలెను. కంప్యూటరులోని కమాండ్ ప్రాంప్టులో ఎన్.ఎస్.లుకప్ అని వ్రాసి, ప్రక్కన పేరు వ్రాసినచో అంకె తిరిగి రావలెను. అది వచ్చువరకు బ్రౌజరు తెరువవద్దని విద్యార్థులకు చెప్పుదుము.

వెబ్ సేవ అన్నిటికంటె సులభము. హెచ్.టి.టి.పి. ఆన్ చేసి, ఇండెక్స్ పుటలోని వాక్యములను మార్చి, కళాశాల పేరు వ్రాసికొనవచ్చును. విద్యార్థులకు ఇచ్చటనే ఉత్సాహము ఎక్కువ. రంగులు మార్చుటలోనే గంట గడచును! ఈ సేవ 80వ పోర్టునందు వినుచుండును. రహస్యముగా మాటలాడు హెచ్.టి.టి.పి.ఎస్. 443వ పోర్టునందు. 1989లో స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధన కేంద్రమున టిమ్ బెర్నర్స్-లీ ఈ ఆలోచనను ప్రతిపాదించెను. తొలి వెబ్ సర్వరుగా పనిచేసిన నెక్స్ట్ కంప్యూటరుపై, ఇది సర్వరు, విద్యుత్తు ఆపవద్దు అను అర్థము గల చీటీ యొకటి అంటించబడియుండెను. బల్లమీది మామూలు కంప్యూటరే అది. సర్వరు అనునది పని పేరని మొదట చెప్పితిమి. ఆ చీటీయే అందుకు సాక్ష్యము. పరీక్షించునప్పుడు బ్రౌజరులో ముందు 192.168.10.3 అని అంకెతోను, పిమ్మట పేరుతోను పిలువవలెను. అంకెతో వచ్చి పేరుతో రాకున్నచో వెబ్ సర్వరును తాకనక్కరలేదు.

ఫైళ్ళు పంపు ఎఫ్.టి.పి. గురించి ఒక్క మాట. దాని తొలి నియమపత్రమైన 1971 నాటి ఆర్.ఎఫ్.సి. 114 ను వ్రాసినది అలహాబాదున జన్మించి, కాన్పూరు ఐ.ఐ.టి.లో చదివిన అభయ్ భూషణ్. ఆజ్ఞలు 21వ పోర్టున, ఫైలు 20వ పోర్టున పోవును. సంకేతపదము మాత్రము దారిలో ఎవరైనను చదువునట్లు బాహాటముగా పోవును. కావున నేడు బయట దీనిని వాడరాదు.

తపాలా సేవకు రెండు భాగములు కలవు. లేఖను పంపునది ఎస్.ఎమ్.టి.పి., 1982లో జాన్ పోస్టెల్ వ్రాసిన ఆర్.ఎఫ్.సి. 821 దానికి మూలము, 25వ పోర్టు. వచ్చిన లేఖను పెట్టెలోనుండి తీసికొనునది పాప్3, 110వ పోర్టు. డబ్బాలో ఉత్తరము వేయుట వేరు, తపాలా కార్యాలయమునకు పోయి మన పేర వచ్చిన ఉత్తరము తెచ్చుకొనుట వేరు. సర్వరులో డొమైను పేరుగా కాలేజ్.టెస్ట్ వ్రాసి, ఇద్దరు వాడుకరులను సంకేతపదములతో చేర్చవలెను. కంప్యూటర్లలో మెయిల్ కాన్ఫిగర్ చేయునప్పుడు వచ్చు తపాలాకును, పోవు తపాలాకును మెయిల్.కాలేజ్.టెస్ట్ అని పేరే వ్రాయవలెను, అంకె వ్రాయరాదు. అట్లయినచో ఒక్క లేఖ పోయి చేరుటకు చిరునామా సేవ, పేర్ల సేవ, తపాలా సేవ మూడును మేల్కొనియుండవలెను. మొదటి సర్వరులో డి.ఎన్.ఎస్. ఆఫ్ చేసి లేఖ పంపి చూడుడు. తపాలా సర్వరు పచ్చగా వెలుగుచునే యుండును, లేఖ మాత్రము కదలదు. "మెయిల్ సర్వరు డౌన్" అని ఫిర్యాదు వచ్చును.

ఇప్పుడు గ్రంథాలయపు గదికి పోదుము. అచ్చటి కంప్యూటరులో డి.హెచ్.సి.పి. నొక్కినచో 169.254 వచ్చును. సర్వరు ఆన్‌లో నున్నది, కేబులు పచ్చగా నున్నది, రౌటరు పనిచేయుచున్నది. లోపమేమి? కేక గోడ దాటదు. అందరికిని వినబడునట్లు వేసిన కేకను రౌటరు తన ద్వారమువద్దనే ఆపివేయును. ఆపకున్నచో ప్రపంచమందలి కేకలన్నియు ప్రతి గదిలోను మారుమ్రోగును. కావున రౌటరు గ్రంథాలయపు ద్వారమున ఐ.పి. హెల్పర్-అడ్రస్ 192.168.10.2 అను ఆజ్ఞ నిచ్చినచో, రౌటరు ఆ కేకను విని, లేఖగా మార్చి, సర్వరుకు చేరవేయును. లేఖలో తన గ్రంథాలయపు ద్వారపు చిరునామా 192.168.20.1 ను కూడ వ్రాయును. దానిని చూచి సర్వరు, ఇది రెండవ గదివారి కోరిక అని గ్రహించి, ఆ గదికై మేము చేర్చిన రెండవ పద్దునుండి 192.168.20.51 ఇచ్చును. ఈ రెండవ పద్దులో గేట్‌వే 192.168.20.1, డి.ఎన్.ఎస్. మాత్రము పాత 192.168.10.2 యే. ఈ భాగము ఒక్కటి పూర్తిగా బోధపడినచో విద్యార్థి చిన్న సంస్థ నెట్‌వర్కును అర్థము చేసికొనగలడని మా అభిప్రాయము.

అనుకరణ ప్రయోగశాల నిజమైన ప్రయోగశాల కంటె మెరుగుగా చేయు పని యొకటి కలదు. సిమ్యులేషన్ అను విధమునకు మార్చినచో కాలము ఆగిపోవును. ప్రతి ప్యాకెట్టు ఒక కవరు బొమ్మగా తీగపై కనబడును. ఒక్కొక్క అడుగు మనము నొక్కినప్పుడే వేయును. కవరుపై నొక్కినచో లోపలి చిరునామాలు, పోర్టులు చదువవచ్చును. నిజమైన కేబులులో ఇది కంటికి కనబడదు. గ్రంథాలయపు కంప్యూటరులో బ్రౌజరు తెరచి పేరు వ్రాసి చూడుడు. మొదట బయలుదేరునది వెబ్ కవరు కాదు. దర్వాజా ఎవరిదని అడుగు ఎ.ఆర్.పి. కేక మొదటిది, పేరునకు అంకె అడుగు డి.ఎన్.ఎస్. కవరు రెండవది, పిమ్మట టి.సి.పి. కరచాలనము, ఆ తరువాతనే హెచ్.టి.టి.పి. ఇంటర్వ్యూలోని మొదటి ప్రశ్నకు జవాబు కన్నుల యెదుట నడచిపోవును. ఇతర గదికి చేసిన తొలి పింగ్ తరచుగా విఫలమై, తరువాతివి చేరుటకు కారణము కూడ ఇచ్చటనే తెలియును: ఎ.ఆర్.పి. విచారణ పూర్తియగు లోపల మొదటి కవరు పారవేయబడును. ఒక్క విఫలమును చూచి కంగారుపడనక్కరలేదు.

దోషవిచారణకు మేము చెప్పు క్రమము క్రిందినుండి పైకి పోవునది. దీపము పచ్చగా నున్నదా? ఐ.పి.కాన్ఫిగ్‌లో చిరునామా సరియైనదా, 169.254 కాదు గదా? స్వంత గేట్‌వేకు పింగ్ చేరుచున్నదా? సర్వరుకు చేరుచున్నదా? అంకెతో పుట తెరచుకొనుచున్నదా? పేరుతో తెరచుకొనుచున్నదా? ఎచ్చట కాదను జవాబు తొలిసారి వచ్చునో దోషము సాధారణముగా ఆ మెట్టు దగ్గరనే యుండును, పై మెట్లను తాకరాదు. తెలివిగల విద్యార్థులు ఈ వరుసను విడిచి, అనుమానము కలిగినచోటికి నేరుగా దూకుదురు. ఒక్కొక్కసారి గురి తగులును కూడ. తగులనప్పుడు మాత్రము సరిగనున్న మూడింటిని మార్చివేసి, ఒక దోషమును నాలుగు చేయుదురు.

ఇన్ని చెప్పినను దీని పరిమితులను దాచరాదు. ఇందులో ఆన్ అను గుర్తు నొక్కినంతనే సేవ లేచును. నిజమైన లైనక్సు యంత్రములో ఒక చుక్క తప్పినను సేవ లేవదు, ఏ వరుసలో తప్పినదో లాగ్ ఫైలులో చదువవలెను. తపాలా ఇచ్చట ఇంత సులభముగా నడచుటకు కారణము బయటి లోకము లేకపోవుటయే. బయట ఒక డొమైనుకు లేఖలు స్వీకరించు యంత్రమేదో చెప్పుటకు ఎమ్.ఎక్స్. అను ప్రత్యేకమైన పద్దు వాడుదురు, లేఖలు రహస్యలిపిలో పోవలెను, దొంగలేఖలను అడ్డుకొనవలెను. వేడి, దుమ్ము, విద్యుత్తు పోవుట, ఎలుక కొరికిన కేబులు, వీటిని ఏ అనుకరణయు నేర్పదు.

కావున రెండవ మెట్టుగా వర్చువల్‌బాక్స్ వంటి సాధనముతో ఒకే కంప్యూటరులో రెండు మూడు లైనక్సు యంత్రములను నడుపుట అవసరము. వాటిని ఇంటర్నల్ నెట్‌వర్కు అను అమరికలో ఉంచినచో అందులోని చిరునామా సేవ కళాశాల నెట్‌వర్కులోనికి పొర్లిపోదు. మొదట చెప్పిన ప్రమాదము దీనితో తప్పును. అచ్చట పేర్లకు బైండ్, వెబ్‌కు అపాచీ లేక ఎంజినెక్స్, తపాలాకు పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్. చిరునామాలకు పాత పుస్తకములలో కనబడు ఐ.ఎస్.సి. డి.హెచ్.సి.పి. నిర్వహణను దాని కర్తలు 2022 చివర ముగించిరి; దానికి బదులు వారిదే అయిన కియా నేర్చుట మేలు. పేర్లు క్రొత్తవి గాని విద్యార్థి ఇచ్చటను నింపునది అవే గడులు: గేట్‌వే, మాస్కు, ప్రారంభ చిరునామా, డి.ఎన్.ఎస్.

సంఘమువారికి మా విన్నపము యంత్రములను గూర్చి కాదు, కాలమును గూర్చి. కట్టుట, చెడగొట్టుట, సరిచేయుట ఒక పీరియడులో ముగియవు; దోషము దొరకబోవు సమయమునకే గంట మ్రోగును. వారమునకు ఒకమారు రెండు గంటలు ఎడతెగక దొరకినచో చాలును. అట్లే ఒక్కొక్క కంప్యూటరు వద్ద ఇద్దరికి మించి కూర్చుండరాదు. మూడవవాడు చూచును గాని నేర్వడు.

విద్యార్థుల అభ్యాసమునకై చెడగొట్టిన ఫైళ్ళు మూడు ప్రయోగశాలలో ఉంచితిమి. మొదటిదానిలో కార్యాలయపు కంప్యూటర్లన్నిటికిని 169.254 చిరునామాలే వచ్చును; దీపములన్నియు పచ్చగనే యున్నవి. రెండవదానిలో పుటలు పేరుతో తెరచుకొనును, లేఖ పోవును, కాని ఎవ్వరికిని రాదు. మూడవదానిలో గ్రంథాలయపు కంప్యూటర్లకు సరియైన చిరునామాలు వచ్చును, కార్యాలయపు సర్వర్లన్నిటికిని పింగ్ చేరును, వెబ్ పుట అంకెతో తెరచుకొనును, పేరుతో తెరచుకొనదు. కార్యాలయపు గదిలో మాత్రము పేరుతోనే తెరచుకొనును. డి.ఎన్.ఎస్. సర్వరులోని రెండు పద్దులును సరిగనే యున్నవి.